ఇంటికప్పు ఆయుర్దాయం

ఒరెగాన్ రాష్ట్రపు సముద్రతీరాన మా అమ్మాయి, అల్లుడుగారు ఉంటున్న ఇంటికి చెక్క పలకల కప్పు ఉన్నది. దానికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండాయి. ఉత్తరపు వాలు మీద పలకలు మెత్తబడి, అంచులు చిరిగి, నాచు పట్టి ఉన్నాయి. దక్షిణపు వాలు మీద ఎండకు బీటలు తీసి, వంకరలు తిరిగి ఉన్నాయి. మరమ్మతుతో గడిచే దశ దాటిపోయింది, మొత్తం తీసి క్రొత్తది వేయవలసిందేనని చూసిన పనివారందరూ చెప్పారు. ఏది వేయాలన్నది ప్రశ్న. మా అమ్మాయిది చెక్క పక్షం. అల్లుడుగారిది రేకు పక్షం. ఇద్దరూ నా అభిప్రాయం అడిగారు. వారికి చెప్పిన మాటలనే కొంచెం విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ తీరంలో ఇళ్ళు కొనుక్కొన్న మన పిల్లలు ఇంకా ఉన్నారు. ఎవరికైనా ఉపకరిస్తుందని ఆశ.

ముందుగా పేరు సంగతి. తెలుగు పండితుడి బుద్ధి పేరు దగ్గర ఆగకుండా ముందుకు పోదు కదా! ఈ కప్పును అక్కడివారు ‘సీడార్ షేక్’ అంటారు. సీడార్ అనగానే మనకు దేవదారు స్ఫురిస్తుంది. దేవదారు హిమాలయ వృక్షం. రఘువంశం రెండవ సర్గలో కాళిదాసు దానిని పరమశివుడు కన్నబిడ్డగా చూసుకొన్న చెట్టుగా వర్ణించాడు. దాని శాస్త్రీయ నామం ‘సెడ్రస్ దేవదార’లో మన సంస్కృత పదమే నిలిచి ఉన్నది. ఒరెగాన్ సీడార్ మాత్రం ఆ వంశానిది కాదు. దానిది ‘థూయా ప్లికేటా’ అనే వేరే జాతి. దేవదారు పైన్ కుటుంబానికి చెందితే ఇది సైప్రస్ కుటుంబానికి చెందింది. క్రొత్తగా వచ్చిన తెల్లవారు వాసనను బట్టి, రంగును బట్టి తమకు తెలిసిన పేరు దీనికి తగిలించారు. అలాస్కా దక్షిణ భాగం మొదలు కాలిఫోర్నియా ఉత్తర భాగం దాకా తడి నేలలలో పెరుగుతుంది. వెయ్యేళ్ళకు పైబడి బ్రతికిన చెట్లున్నాయి.

పేరు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉన్నది. ‘సీడార్ చెడదు’ అనే నమ్మకం ఆ పేరుతోబాటే వ్యాపించింది. అందులో సగమే నిజం. ఈ చెట్టు చేవలో కుళ్ళును అడ్డుకొనే సహజ ద్రవ్యాలున్నాయి. చేవ చుట్టూ ఉండే తెల్లని లేత కర్రకు ఆ గుణం లేదు. చేవలోని ద్రవ్యాలు కూడా ఏళ్ళ తరబడి వాన నీటితో కొంచెం కొంచెంగా కరిగిపోతాయి. అవి ఉన్నంత కాలమే సీడార్ సీడార్. అవి పోయిన తరువాత అది కూడా అన్ని చెక్కల వంటి చెక్కే.

ఇక ‘షేక్’ అంటే వణుకు కాదు. దుంగను నిడివికి తగినట్లు ముక్కలు కోసి, కత్తి వంటి పనిముట్టును నిలబెట్టి, కొయ్య సుత్తితో కొట్టి, నార వెంబడి చీల్చిన పలక. ఈ రోజులలో తరచుగా ఒక ముఖం చీల్చినదిగాను, రెండవ ముఖం రంపంతో కోసినదిగాను వస్తున్నది. రెండు ముఖాలూ రంపంతో కోసిన పలుచని పలకను ‘షింగిల్’ అంటారు. చీల్చినదానిలో నార తెగదు కాబట్టి నీరు దాని వెంబడి జారిపోతుంది. సాధారణంగా పలక నిడివి 24 అంగుళాలైతే 10 అంగుళాలు మాత్రమే బయటికి కనిపిస్తుంది. మిగిలినది పై వరుసల క్రింద దాగి ఉంటుంది. వరుసకూ వరుసకూ నడుమ తారు పూసిన మందపు కాగితాన్ని పరుస్తారు. పాతకాలపు పద్ధతిలో వీటన్నిటి క్రిందా నిండు బల్లలు ఉండవు. వాసాల మీద ఎడం ఎడంగా బద్దీలు మాత్రమే ఉంటాయి. మన పెంకుటింటి కప్పును అటక మీద నిలబడి చూసినవారికి ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది.

ఆ ఎడమే ఈ కప్పుకు ప్రాణం. చెక్క తడవడం వలన చెడదు. తడిసినది ఆరకపోవడం వలన చెడుతుంది. పైన ఎండ, గాలి. క్రింద బద్దీల సందులలో నుండి గాలి. రెండు ప్రక్కలా ఆరితే పలక ముప్పై ఏళ్ళు నిలుస్తుంది. ఒక ప్రక్క మూసుకొనిపోతే సగం కాలం నిలవడం కూడా కష్టం.

ఆ తీరంలో ఆరడమే దుర్లభం. మన విశాఖపట్నంలో ఏడాదికి సుమారు 40 అంగుళాల వాన పడుతుంది. ఒరెగాన్ తీరపు ఉత్తరపు కొసన ఉన్న ఆస్టోరియాలో 60 అంగుళాలు దాటుతుంది. తేడా అంకెలలో కంటె తీరులో ఎక్కువగా ఉన్నది. మన వాన కుండపోతగా కురిసి వెలుస్తుంది. వెలిసిన మరునాడు ఎండ కాస్తుంది. అక్కడి వాన శరత్తులో మొదలై వసంతం దాకా సన్నగా, నిలకడగా కురుస్తూనే ఉంటుంది. లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు 1805-06 శీతకాలాన్ని ఆస్టోరియా సమీపంలో ఒక చెక్క కోట కట్టుకొని గడిపారు. వారున్న 106 రోజులలో వాన లేని రోజులు పన్నెండేనట. వారు విడిచిపోయిన ఆ కోట కొన్ని దశాబ్దాలలోనే మట్టిలో కలిసిపోయింది.

కనుక మా అమ్మాయితో నేను మొదట అన్నమాట ఇది: “అమ్మా, చెక్క అందమైనది, కాదనను. వెండిపూత వంటి ఆ బూడిద రంగు మరి దేనికీ రాదు. అయితే నీ ఇంటి ఉత్తరపు వాలుకు ఎండ తగులుతున్నదా?” తగలదు. ఆ ప్రక్కన సిట్కా స్ప్రూస్ చెట్లు నాలుగున్నాయి. వాటి నీడ ఏడాది పొడుగునా కప్పు మీదే ఉంటుంది. సూదుల వంటి వాటి ఆకులు రాలి పలకల సందులలో ఇరుక్కొని, తడిని పట్టి ఉంచుతాయి. ఆ తడిలో నాచు మొలుస్తుంది. నాచు పలకల అంచులను ఎత్తుతుంది. ఎత్తిన అంచు క్రింద గాలివాన నీరు చేరుతుంది. కప్పు చావుకు ఇదే క్రమం. సముద్రం మీది నుండి వచ్చే గాలి వానను నిలువుగా కురవనీయదు, అడ్డంగా విసురుతుంది.

నాచు పట్టకుండా చూడవచ్చును. ఏడాదికి రెండుసార్లు చెత్త ఊడ్వాలి. మెత్తని కుంచెతో నాచు తీయాలి. వెన్ను పొడుగునా జింకు పట్టీ గాని, రాగి పట్టీ గాని వేస్తే దాని మీదుగా దిగే వాన నీరు కొంతమేరకు నాచును ఆపుతుంది. పగిలిన పలకలను ఎప్పటికప్పుడు మార్చాలి. చాలామంది చేసే పని మరొకటి ఉన్నది: ఏళ్ళ తరబడి పట్టించుకోకుండా ఉండి, చివరకు ఒకనాడు యంత్రంతో నీటిని ఒత్తిడిగా కొట్టించడం. అది నాచుతోబాటు చెక్క నారను కూడా చెక్కివేస్తుంది. ఆ నాటికి కప్పు తళతళలాడుతుంది. ఆయుస్సు మాత్రం తరుగుతుంది.

రెండవది చెట్టు సంగతి. ఇప్పుడు తీసివేయబోయే పలకలలో వలయ రేఖలు వెంట్రుకల వలె దగ్గర దగ్గరగా ఉన్నాయి. నెమ్మదిగా పెరిగిన ముసలి చెట్ల లక్షణం అది. అటువంటి ఆదిమారణ్యం ఆ తీరంలో నూరేళ్ళకు పైగా నరకబడి, మిగిలినది కొద్ది. వేగంగా పెరిగిన చెట్టు నుండి వచ్చిన పలకలో రేఖలు ఎడంగా ఉంటాయి, చేవ తక్కువ. మంచి తరగతి పలకలో రేఖలు పలక ముఖానికి నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉన్నది ఎండకు దొన్నె వలె వంగుతుంది. మంచి పలకలు ఇప్పటికీ దొరుకుతాయి, ఎక్కువ భాగం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుండి వస్తాయి. ధర కూడా దానికి తగినట్లే ఉంటుంది. ‘వెనుకటిది ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చింది గనుక క్రొత్తదీ వస్తుంది’ అనే లెక్క మాత్రం చెల్లదు. వెనుకటిది వేరే చెట్టు.

మూడవది నిప్పు. ఇది అన్నిటి కంటె ముఖ్యం. ఎండిన చెక్క కప్పు మీద పడిన నిప్పురవ్వ అక్కడే అంటుకొంటుంది. అంతటితో ఆగక, కాలుతున్న పలకలు గాలికి లేచి ప్రక్క ఇంటి మీద పడతాయి. 1923లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణంలో దాదాపు 600 కట్టడాలు కాలిపోయినప్పుడు, 1961లో లాస్ ఏంజెలెస్‌లోని బెల్ ఎయిర్ ప్రాంతంలో 484 ఇళ్ళు భస్మమైనప్పుడు చెక్క కప్పులే నిప్పును ఇంటి నుండి ఇంటికి మోశాయి. లాస్ ఏంజెలెస్ నగరం 1989లో క్రొత్త చెక్క కప్పులను నిషేధించింది. 1991లో ఓక్లండ్ కొండలలో 25 మంది ప్రాణాలు పోయాయి.

“అది కాలిఫోర్నియా, నాన్నా. ఇక్కడ తడి. నిప్పు ఎక్కడిది?” అని మా అమ్మాయి అడిగింది. నిజమే, నేనూ అట్లే అనుకొనేవాడినేమో, 2020 సెప్టెంబరు సంగతి తెలియకపోతే. ఆ నెల తూర్పు నుండి పొడిగాలి విసరగా, లింకన్ సిటీకి దాపున ఉన్న ఓటిస్ పరిసరాలలో మంటలు చెలరేగి సుమారు 300 కట్టడాలు దగ్ధమయ్యాయి. అది ఒరెగాన్ తీరమే; సముద్రానికి కొద్ది మైళ్ళ దూరం. పది నెలలు తడిసే నేల కూడా రెండు నెలలు ఎండుతుంది. ఆ రెండు నెలలలో ఒక్క దినం చాలు. రసాయనాలతో శుద్ధి చేసి, నిప్పుకు కొంత తట్టుకొనేటట్లు చేసిన పలకలు ఉన్నాయి. ప్రత్యేకమైన పరుపు క్రింద వేస్తే మొత్తం అమరికకు మేలైన తరగతి కూడా లభిస్తుంది. వాటికి ధర మరింత ఎక్కువ. ఇక భీమా వారి సంగతి: చెక్క కప్పు అనగానే కొందరు ముఖం చాటేస్తారు, కొందరు రుసుము పెంచుతారు. మావాళ్ళకు భీమా ఇచ్చిన సంస్థ, కప్పు మార్చనిదే వచ్చే ఏడు పొడిగించమని ఉత్తరం వ్రాసింది. ఈ చర్చ మొదలైంది ఆ ఉత్తరంతోనే.

ఇంతవరకు చదివినవారు నేను అల్లుడుగారి పక్షమని అనుకొంటారు. పూర్తిగా కాదు. ఆయన వాదం “మామయ్యగారూ, ఒక్కసారి రేకు వేయిస్తే ఇక జన్మలో చూసుకోనక్కరలేదు” అని. ఆ ‘చూసుకోనక్కరలేదు’ అన్నమాట దగ్గరే నాకు పేచీ.

సముద్రపు ఉప్పు గాలికి ఇనుము శత్రువు. జింకు పూసిన ఉక్కు రేకు కోసిన అంచుల దగ్గర, మేకుల దగ్గర తుప్పు మొదలవుతుంది. సముద్రానికి ఇంత దూరంలోపు ఉన్న ఇళ్ళకు తమ హామీ వర్తించదని హామీ పత్రాలలో చిన్న అక్షరాలతో వ్రాసి ఉండడం మామూలే. ఒడ్డున ఉన్నవారికి అల్యూమినియం రేకు మేలు. అదికూడా మేకులు బయటికి కనిపించని నిలువు మడతల రేకు అయితే మంచిది. దాని మీద కూడా ఉప్పు పేరుకొంటుంది. వాన తగలని చూరు క్రింది భాగాలను అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి. అల్యూమినియం ప్రక్కన రాగి చేరిస్తే రెండింటికీ పడదు; అల్యూమినియం తినబడుతుంది. చెక్కే వేసుకొన్నవారు కూడా మేకుల విషయంలో పిసినారితనం చూపరాదు. ఒడ్డున 316 రకం స్టెయిన్‌లెస్ మేకులు వాడాలి. పలక బాగుండి మేకు తుప్పుపట్టి రాలిపోతే ఆ పలకకు ఏం విలువ?

ఇంకొక సంగతి ఎక్కువమంది గమనించనిది. చెక్క కప్పు తీసి రేకు గాని, తారు పలకలు గాని వేసేటప్పుడు బద్దీల ఎడం మీద నిండుగా ప్లైవుడ్ పరుస్తారు. అంతవరకు వేలాది సందులలో నుండి ఊపిరి తీసిన అటక ఆ రోజుతో మూసుకొనిపోతుంది. వంటింటి ఆవిరి, స్నానాల గది ఆవిరి, మనుషుల ఊపిరి పైకి వెళ్ళి, చల్లని ప్లైవుడ్ అడుగు భాగాన నీటి బొట్లై నిలుస్తాయి. ఒకటి రెండు శీతకాలాలలో నల్లని బూజు పడుతుంది. పైనుండి చుక్క కారకుండానే కప్పు లోపలి నుండి కుళ్ళుతుంది. కాబట్టి చూరు క్రింద గాలి లోనికి వచ్చే దారి, వెన్ను దగ్గర బయటికి పోయే దారి తప్పనిసరిగా పెట్టించాలి. మావాళ్ళకు వచ్చిన అంచనా పత్రాలు మూడింటిలో ఒక్కదానిలోనే ఈ ప్రస్తావన ఉన్నది. అన్నిటి కంటె తక్కువ ధర చెప్పినదానిలో పాత చెక్క తీయకుండా దాని మీదనే వేస్తామని ఉన్నది. తడిసిన చెక్కను శవపేటికలో పెట్టినట్లు పైనుండి మూసివేయడం అది. ఎంత చవక అయినా దానికి ఒప్పుకోరాదు.

నిజానికి మా తెలుగు తీరంలో కప్పు అన్నది ఎన్నడూ ‘ఒక్కసారి’ వ్యవహారం కాదు. తాటాకు ఇల్లు రెండు మూడేళ్ళకు ఒకసారి మళ్ళీ కప్పించవలసిందే. గూనపెంకుల ఇల్లయితే తొలకరికి ముందే మనిషిని పైకెక్కించి పెంకులు తిరగవేయించేవారు. ఏడాది ఖర్చులలో అదొక పద్దు. దానిని ఎవరూ నష్టమనలేదు, ఇల్లు పాడైపోయిందనీ అనలేదు. తరువాత డాబాలు వచ్చాయి. తరతరాలకు ఢోకా లేదన్నారు. కప్పు వైపు తలెత్తి చూడడం మానివేశారు. సముద్రపు గాలికి లోపలి కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బితే, పెచ్చులూడి మంచాల మీద పడిన ఇళ్ళు మన తీరపు ఊళ్ళలో ఎన్ని లేవు? తాటాకుకు ఆయుస్సు తక్కువని అందరికీ తెలుసు, అందువలన ఎవరూ మోసపోలేదు. డాబాకు ఆయుస్సు అనంతమనుకొన్నారు, అక్కడ మోసపోయారు.

ఆ ఒరెగాన్ తీరపు మూలవాసుల తీరు కూడా ఇటువంటిదే. చినూక్ మొదలైన జాతులవారు సీడార్‌ను చీల్చిన పెద్ద బల్లలతో ఇళ్ళు కట్టుకొన్నారు. ఆ వాయవ్య తీరమంతటా ఇటువంటి ఇళ్ళలో పొగ పోవడానికి కప్పు బల్లలను ప్రక్కకు జరిపేవారు. కాలాన్ని బట్టి మకాం మార్చినప్పుడు బల్లలు ఊడదీసి వెంట తీసుకొనిపోయేవారూ ఉన్నారు. ఇంటికి కప్పు శరీరానికి బట్ట వంటిదని వారికీ తెలుసు, మనవారికీ తెలుసు. ఉతకాలి, కుట్టుకోవాలి, చిరిగితే మార్చుకోవాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. కప్పు మార్చేటప్పుడు ఎంచుకొనేది సరకును మాత్రమే కాదు, దానితోబాటు వచ్చే చాకిరీని కూడా. చెక్క వేయించుకోదలచినవారు తమను తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాలుకు ఎండ, గాలి తగులుతున్నాయా? దాపున కార్చిచ్చు వచ్చే అడవి గాని, పొద గాని లేదా? ఏటా రెండుసార్లు కప్పు సంగతి చూడడానికి మనిషి, డబ్బు, ఓపిక ఉన్నాయా? మూడింటికీ సరియైన సమాధానం ఉంటే, నిప్పుకు శుద్ధి చేసిన మేలు తరగతి పలకలు తెచ్చి, క్రింద గాలి ఆడేటట్లు అమర్చి, నిశ్చింతగా వేయించుకోవచ్చును. ఒక్కదానికి లేకపోయినా మానుకోవడం మంచిది. ముసలి చెట్టును నరికి తెచ్చి, పదిహేనేళ్ళలో నాచుకు అప్పగించడం ఆ చెట్టుకు మర్యాద కాదు.

రేకు వేయించుకొనేవారు కూడా చేతులు దులుపుకొని కూర్చోరాదు. చెక్క వలె కనిపించే ప్లాస్టిక్ మిశ్రమపు పలకలు కూడా అమ్మకానికి ఉన్నాయి. నిప్పుకు తట్టుకొనేవి వాటిలో ఉన్నాయి గనుక చెడ్డవని అనను. అయితే నా మటుకు నాకు రేకు రేకుగా కనిపించడమే ఇష్టం.

మావాళ్ళ ఇంటికి ఆ మూడు ప్రశ్నలలో మొదటిదే గెలవలేదు. చెట్లు కొట్టివేస్తే ఎండ వస్తుందని ఒక పనివాడు సలహా ఇచ్చాడు. కప్పు కోసం నాలుగు పెద్ద చెట్లు కొట్టడానికి అమ్మాయీ ఒప్పుకోలేదు, అల్లుడుగారూ ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట కావడం నాకు సంతోషం కలిగించింది. చివరకు కప్పుకు అల్యూమినియం, చూరుకూ వెన్నుకూ గాలి దారులు అని తేలింది. గోడలకు ఇప్పుడున్న సీడార్ షింగిల్సు అట్లే ఉంటాయి. నిలువు గోడ మీద నీరు నిలవదు, త్వరగా ఆరుతుంది. అందుచేత అదే చెక్క కప్పు మీద కంటె గోడ మీద చాలా ఎక్కువ కాలం బ్రతుకుతుంది. అమ్మాయి కోరిన ఆ బూడిద రంగు గోడల మీద ఉండనే ఉన్నది.

అల్లుడుగారికి మాత్రం ఒక షరతు పెట్టాను. సంక్రాంతికి ఇల్లు కడిగి ముగ్గులు పెట్టుకొన్నట్లే, ఏటా వానలకు ముందు సెప్టెంబరులో ఒక ఆదివారం కప్పు కోసం కేటాయించాలి. నిచ్చెన ఎక్కి చూరు గొట్టాలలోని ఆకులు తీయాలి, అటకలోకి వెళ్ళి ప్లైవుడ్ అడుగున చేయి పెట్టి తడి ఉన్నదేమో చూడాలి, ఒడ్డు వైపు అంచులను మంచినీటితో కడగాలి. “రేకుకు కూడానా, మామయ్యగారూ?” అన్నారు. రేకుకు కూడా.